ఆగని పెడలు

నౌపడ స్టేషను వెనక వెల్డింగు షాపు నడిపే బెన్హర్‌కి నలభై ఏళ్లు దాటినా సైకిల్ తొక్కడం రాలేదు. పసితనంలో పోలియో సోకి ఎడమ కాలు మోకాలి కింద సన్నబడిపోయింది. తొడ మీద చెయ్యి ఆనించి నడుస్తాడు. ఉప్పుమళ్లలో పంపుసెట్లు చెడిపోతే బాగుచేసేది అతనే. మూడు చక్రాల బండి ఆ ఇరుకు గట్ల మీద పట్టదు కాబట్టి ఎవరో ఒకరు సైకిల్ క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాలి. ఎక్కువసార్లు ఆ పని పోతురాజుది. సముద్రం ఒడ్డు నుంచి చేపలు తెచ్చి ఊళ్లో అమ్ముకునే మనిషి.

ఆ పోతురాజే ఒకరోజు తన సైకిల్ తెచ్చి షాపు ముందు పడుకోబెట్టాడు. చేపల బుట్టలోంచి కారిన నీళ్లకి వెనక చక్రం ఫ్రీవీలు, అంటే తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే పళ్లచక్రం, తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

“తొక్కడం ఆపినా పెడలు ఆగదు బావా. నా కాళ్లని అదే తిప్పేస్తన్నాది,” అన్నాడు.

బెన్హర్ సైకిల్‌ని తలకిందులు చేసి చక్రం తిప్పాడు. పెడళ్లు వాటంతటవే తిరిగాయి. వెనక్కి తిప్పితే వెనక్కి తిరిగాయి. పెడలు గట్టిగా పట్టుకుంటే చక్రమే ఆగింది. చిన్నప్పుడు సైకిల్ నేర్చుకోబోతే ప్రతిసారీ ఒకటే ఇబ్బంది. కుడికాలు తన పెడల్ని కిందికి దించేది. ఎడమకాలు తన వంతు రాగానే పైనే నిలిచిపోయేది, దాంతో పడిపోయేవాడు. ఇక్కడ మాత్రం చక్రం కదులుతున్నంతసేపూ పెడలు పైన నిలవదు. మరి దానికి కాలు కట్టేస్తే?

పోతురాజు సైకిల్‌కి కొత్త ఫ్రీవీలు వేసి, పాతది తన దగ్గరే ఉంచుకున్నాడు. షాపులో గేట్ల పని అయ్యాక సాయంత్రాలు గొట్టాలు కోసి తనకో సైకిల్ కోసం ఫ్రేము అతుకు పెట్టడం మొదలుపెట్టాడు. సీటు మీద కూర్చుంటే కుడి పాదం నేలకి ఆనేటట్టు కిందికి దించాడు. ఎడమ పెడలు కడ్డీని పొట్టిగా కోసి మళ్లీ అతికాడు, మోకాలు ఎక్కువ వంగనక్కర్లేకుండా. పాదం జారిపోకుండా పెడలుకి తోలు పట్టీ కుట్టించాడు. భార్య షాలిని చూసి ముందు నవ్వింది. తర్వాత పట్టీని లాగి చూసి, పడితే కాలు వెంటనే బయటికి రావాలి కదా అని అడిగింది. ఆ మాట నిజమే. పట్టీకి లాగితే ఊడిపోయే కొక్కెం పెట్టాడు.

మొదటిసారి తొక్కినప్పుడు పోతురాజు సీటు పట్టుకుని పక్కనే పరిగెత్తాడు. ఎడమకాలు పైకి వెళ్లింది, అక్కడ ఆగకుండా కిందికి దిగింది. తన కాలు అలా గుండ్రంగా తిరగడం బెన్హర్ ఎప్పుడూ చూడలేదు. ముందున్న దారి మాని దాన్నే చూశాడు. మలుపు దగ్గర వేగం తగ్గిద్దామని కుడికాలితో వెనక్కి అదిమాడు. వెనక పళ్లచక్రం మరలోంచి ఊడిపోయింది, సైకిలూ మనిషీ ఉప్పుమడిలో పడ్డారు.

“దెబ్బలేటైనా తగిలేయా?” పోతురాజు పరిగెత్తుకొచ్చాడు.

“అదుండనీ. ముందుకి తొక్కితే బిగుస్తాది, ఎనక్కి అదిమితే ఊడతాది. సూడు,” అన్నాడు బెన్హర్, బురదలో కూర్చునే చక్రం తిప్పుతూ.

టెక్కలిలో లేతు మిషను నడిపే గిరిబాబు దగ్గరికి వెళ్లి అడిగాడు. ఇద్దరూ ఆలోచించి, పళ్లచక్రం పక్కనే ఎదురు మరతో, అంటే వెనక్కి తిప్పితే బిగిసే రింగు పట్టేటట్టు కొత్త ఇరుసు గొట్టం చేశారు. వెనక్కి అదిమి పళ్లచక్రం ఊడబోతే, ఆ రింగు ఇంకా బిగిసి దాన్ని ఆపుతుంది. ముందు చక్రానికి బ్రేకు ఉండాల్సిందేనని షాలిని పట్టుబట్టింది. అదీ వేశాడు.

ఎండ తగ్గిన ఒక మధ్యాహ్నం పంపు చెడిందని కబురొచ్చింది. బెన్హర్ పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఒక్కడే గట్టు మీద తొక్కుకుంటూ వెళ్లాడు. కొంగలు లేచిపోయాయి. ఉప్పు పోగుచేస్తున్న ఆడవాళ్లు పారలు ఆపి చూశారు. పంపు బాగుచేసి తిరిగొచ్చేసరికి అతని ఎడమ తొడ సలుపుతోంది. పనిచేసి ఆ కాలు నొప్పెట్టడం అదే మొదలు. షాలినిని పిలిచి, ఎక్కడ సలుపుతోందో వేలితో చూపించాడు.

“నూనె రాయమంతావేటి?” అంది ఆమె.

“ఒద్దు, నొప్పి కాసేపుండనీ,” అన్నాడు.