పరదా వెనక చప్పట్లు

డెబ్బైల్లో చెరకు పని మీద అనంతపురం నుంచి ఉయ్యూరు వెళ్ళి, ఓ సాయిబుగారింట్లో దిగాను. సాయంత్రం వసారాలో ఆయన ముందు నిలబడి నమాజు చేయిస్తున్నారు. వెనక తమ్ముళ్ళు, పరదా అవతల ఆడవాళ్ళు. లేవాల్సిన చోట ఆయన కూర్చుండిపోయారు. పరదా వెనక చప్పట్లు మోగాయి. గబుక్కున లేచారు.

నమాజయ్యాక అదేమిటని అడిగాను.

"మా అమ్మండి. నేను పొరపడితే ఆడవాళ్ళు నోరెత్తకూడదు, చప్పట్లు కొట్టాలి. నాకు నమాజు నేర్పిందీ ఆవిడేనండి."

"మరి ఆవిడనే ముందు నిలబడమనొచ్చుగా?"

"అమ్మో! మగాళ్ళకి ఆడవాళ్ళు చేయించకూడదండి."

నేర్పడానికీ దిద్దడానికీ పనికొచ్చిన మనిషి, ముందు నిలబడ్డానికి మాత్రం పనికిరాదన్నమాట. దివ్యమైన ఏర్పాటని నవ్వాను.

పరదా వెనక నుంచి ఆవిడ అడిగింది. "మీ ఇంట్లో మీరు పొరపడితే ఎవరు దిద్దుతారు బాబూ?"

నవ్వు ఆగిపోయింది. మా ఇంట్లో ఆ సౌకర్యమే ఉంటే, మా ఆవిడ అరచేతులు ఎప్పుడో బొబ్బలెక్కేవి.