కరెంటు పోవాలని మొక్కిన రోజు

ఆ రోజుల్లో మరమగ్గాల ఊరైన భివండీలో కరెంటు పోవాలని దేవుడికి మొక్కుకున్న మనిషి ఎవరైనా ఉంటే అది నేనొక్కడినే అయివుంటాను. అప్పుడు నేను మా పెద్దబాపు (నాన్నకు అన్న) మగ్గాల షెడ్డు కప్పులో ఇరుక్కుని ఉన్నాను. నడుము దాకా సిమెంటు రేకు పైన, మిగతాది కింద. చేతులు ఆనించి లేద్దామంటే రేకు ఇంకాస్త పటపటమంటోంది. ఎంత అరిచినా మగ్గాల మోతలో నా అరుపు నాకే వినిపించడం లేదు. (మొదట ఎవరిని పిలవాలా అని కాసేపు ఆలోచించిన మాట కూడా నిజం. పెద్దబాపును పిలవడానికి ధైర్యం చాలలేదు.)

నేనింకా పత్రికా ఉద్యోగంలో చేరని కాలం అది. డిప్లొమా చేతికి రాగానే ఠాణేలో ఒక సోలార్ దుకాణంలో కుదిరాను. ఆర్డరు తెస్తేనే ఉద్యోగం నిలుస్తుందని సేఠ్ ముందే చెప్పాడు. నాకు తెలిసిన కప్పు ఒక్కటే, వరాలా తలావ్ అనే చెరువు దగ్గర పెద్దబాపు షెడ్డు. అక్కడ రోజూ గంటల తరబడి కరెంటు ఉండేది కాదు. మగ్గాలు ఎలాగూ ఆగేవి. ఆ చీకట్లో కొత్త పడుగు (నిలువు) పోగులను మగ్గం మీద అయిపోవచ్చిన పాత పడుగు పోగులకు ముడివేసే పని కూడా ఆగేది. తీరా కరెంటు వచ్చాక ఆ ముళ్ళ కోసం మగ్గం ఖాళీగా నిలబడేది. కప్పు మీద నాలుగు ప్యానెళ్ళు, కింద బ్యాటరీలు పెడితే దీపాలు వెలుగుతాయి, ముళ్ళ పని ఆగదు అని పట్టుబట్టాను. పెద్దబాపు అంతా విన్నాడు.

"పెట్టు. గని వానలు మీదికొస్తున్నయి. ఒక్క రేకు పగిలినా నీ ప్యానెళ్ళు వాపస్ తీస్కపోవాలె. పడుగు మీద నీళ్ళు పడితే నా మాల్ బర్బాద్ అయితది."

సిమెంటు రేకుల మీద బోల్టుల వరస వెంటే నడవాలి. బోల్టు ఉన్నచోట కింద ఇనుప దూలం ఉంటుంది. అది చాలదు, చెక్కలు పరుచుకుని, నడుముకు తాడు కట్టుకుని మరీ నడవాలని దుకాణంలో చెప్పారు. ప్యానెళ్ళు ముందురోజే దిగాయి, చెక్కలూ తాడూ మధ్యాహ్నం టెంపోలో వస్తాయి. నేను పొద్దున్నే కొలతలు తీద్దామని ఎక్కేశాను. (ఆ వయసులో తొందర అచ్చం ఉత్సాహంలాగే కనిపిస్తుంది.) ఏళ్ళ తరబడి పట్టిన దూది నూగులోంచి నల్లటి చుక్కల వరస ఒకటి ముచ్చటగా సాగుతోంది. దాని వెంటే నడిచాను. అవి బోల్టులు కావు. ఏటా వానలకు ముందు పెద్దమ్మ దగ్గరుండి పగుళ్ళ మీద పెట్టించిన డాంబరు చుక్కలు! ఆ కప్పు మీద ఎక్కడెక్కడ బలం లేదో ఏరి ఏరి తొక్కుకుంటూ వెళ్ళానన్నమాట.

కాలి చెప్పు జారి కింద గుడ్డ థాన్ల మీద పడింది. రేడియో మామ (మగ్గాల మోతలో కూడా మాటలు ఆపడు కనుక ఆ పేరు) ఎలుక అనుకుని దాన్ని అదిలించి, మళ్ళీ తన మగ్గం వైపు తిరిగాడట. అదిగో, అప్పుడు మొక్కాను. దేవుడు విన్నాడో లేదో గానీ కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నా కేక తలావ్ అవతలి గట్టు దాకా వినిపించి ఉంటుంది.

"అరే, కాళ్ళు!" అన్నాడు రేడియో మామ. "ఎవలియిరా గవి?"

"నాయే మామా!"

నిచ్చెన వేసి, రేకు ముక్కలతో సహా నన్ను దింపారు. చీకటి షెడ్డులోకి ఆ కంతలోంచి ఎండ నిలువునా పడింది. రేడియో మామ అందులో అరచెయ్యి చాపి, పెద్దబాపుతో "బావా, పోరడు మాట నిలబెట్టుకున్నడు. లైట్ పోయినా ఎలుగొచ్చింది," అన్నాడు. అందరూ నవ్వారు, పెద్దబాపు తప్ప.

"దెబ్బ తాకిందా?"

"జర గీసుకపోయింది."

"అయితే ప్యానెళ్ళు వాపస్ తీస్కపో."

"తీస్కపోను పెద్దబాపూ. రేకు నేనే మారుస్త. తాడు లేకుంట ఇగ ఎక్క. ప్యానెళ్ళ బరువు రేకు మీద పడనియ్య, దూలాలకే బిగిస్త. వానల ఒక్క చుక్క కారినా నువ్వు చెప్పకముందే దింపుకపోత."

"వాన చెప్తది తీయ్," అని ఆయన బయటికి నడిచాడు.

అన్నట్టుగానే రేకు మార్చాను. నీళ్ళ ట్యాంకు నీడ పడని చోటు చూసి ప్యానెళ్ళు బిగించాను. నిప్పురవ్వ పడితే దూది నూగు అంటుకుంటుందని తీగలన్నీ పైపుల్లో పంపి, బ్యాటరీలను బయట గదిలో పెట్టాను. ఎక్కిన ప్రతిసారీ పెద్దమ్మ నిచ్చెన పట్టుకుని, "తాడేదిరా, గుంజి చూపియ్," అనేది. గుంజి చూపించేదాకా కాలు పైకి పెట్టనిచ్చేది కాదు.

తొలి వాన రోజు పొద్దున్నుంచీ ఆ కొత్త రేకు కిందే తల పైకెత్తి కూర్చున్నాను. చుక్క పడలేదు. ఆ వానలోనే కరెంటు పోయింది, దీపాలు వెలిగాయి. ముళ్ళు వేసేవాళ్ళు తల కూడా ఎత్తలేదు, వేళ్ళు ఆగలేదు. పెద్దబాపు ఆ దీపాల కేసి చూసి, "మగ్గం గూడ నడుస్తదా?" అన్నాడు.

"ఇప్పుడు నడవది. వచ్చే యేడు నడిపిస్త," అన్నాను, తడుముకోకుండా.

అంత ధీమాగా మాటిచ్చిన అప్పటి ఆ కుర్రాడిని, అంటే నన్నే, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. మగ్గాలు నడవాలంటే కప్పంతా ప్యానెళ్ళు పరవాలి. ఆ బరువుకు పాత కప్పు ఆగదు, మొత్తం మార్చాలి. కప్పు మార్చాలంటే మగ్గాలు ఆపాలి. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి పెద్దబాపు మాట మార్చి చాయ్ తెప్పించేవాడు. ఇప్పుడు షెడ్డు చూసుకుంటున్న ఆయన కొడుకూ చాయే తెప్పిస్తున్నాడు. మగ్గాలు ఎప్పుడు ఆపాలన్నది ఇంకా తేలలేదు.