అట్ట వెనక మెచ్చుకోలు

రికార్డు అట్ట వెనక అచ్చేసిన పొగడ్తను నేను మొదటినుంచీ నమ్మలేదు. సరుకు అమ్మేవాడే సరుకు మంచిదని రాయించుకుంటే దానికి విలువేముంది? బియ్యం బస్తాల మీదా మొదటి రకం అనే ఉంటుంది. విప్పితే నూకలు.

అరవైల్లో మేం బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. ఆదివారం సాయంత్రాలు ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు తన జాజ్ రికార్డులు వినిపించేవాడు. ఆయన్ని అందరం దొర అనేవాళ్లం. భార్య పోయాక ఆయనకు మిగిలిన సరదా అదొక్కటే. వినేవాళ్లు తగ్గిపోవడంతో ఆ వేళను అంకెలు పిలిచి ఆడించే హౌసీ ఆటకు ఇవ్వాలని ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ పట్టుబట్టాడు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ని, ముఖం చూసి మాట్లాడనివాణ్ని అని తీర్పు నాకు వదిలారు.

ఆ వారమే దొర మద్రాసు నుంచి కొత్త రికార్డు తెప్పించాడు. పియానో వాయించినవాడే ఆ పాటలన్నీ కట్టుకున్నాడట. అట్ట వెనక ఎవరో విమర్శకుడు రాసింది దొర వేలు పెట్టి చదివి నాకు తెలుగులో చెప్పాడు. ఈ వాద్యకారుడికి తొందర లేదట. పియానో మీద మెట్టుకూ మెట్టుకూ మధ్య ఆగుతాడట. ఆ ఆగడంలోనే గొప్పతనం ఉందట.

ఇన్‌స్టిట్యూట్ బంట్రోతు రికార్డు పెట్టాడు. పియానో ఉరికింది. ఎక్కడా ఆగలేదు.

"ఏంది దొరా, మెయిలు బండి కూడా నీళ్లకు ఆగే బిట్రగుంటలో ఇది ఆగకుండా పోతా ఉండాదే!" అన్నాడు సెక్రటరీ.

దొర ముఖం ఎర్రబడింది. "కొత్త పద్ధతిలే. తెలిసినోళ్లు రాసినారు గదా." అంటూనే అట్టకేసి తనూ అనుమానంగా చూశాడు.

ఈ విమర్శకుడు వినకుండానే రాశాడని నాకు గట్టిగా అనిపించింది. ఆ మాట అనబోతూ అట్ట మళ్లీ తిప్పాను. ప్రతి పాట పక్కనా అది ఎంతసేపు సాగుతుందో వేసి ఉంది. పొగడ్తను కొలవలేం, నిమిషాలను కొలవచ్చు.

"దొరా, నీ గడియారం ఇట్టియ్యి."

పాట మళ్లీ పెట్టించాను. అట్ట చెప్పిన సమయం ఇంకా ఉండగానే అయిపోయింది. తర్వాతి పాటా అంతే. లెక్కకట్టి చూస్తే రెండూ ఒకే పాళ్లలో తగ్గాయి. మోసం చేసేవాడు అంత పద్ధతిగా తగ్గించడు. నా అనుమానం యంత్రం మీదికి మళ్లింది.

వేగం మార్చే మీట దగ్గర అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. అక్కడ ఇన్నాళ్లూ వేసినవన్నీ వేగంగా తిరిగే చిన్న రికార్డులే. నెమ్మదిగా తిరగాల్సిన పెద్ద రికార్డు ఇదే మొదటిది. మీట మాత్రం పాత చోటే ఉంది.

"దాన్ని ముట్టుకోవద్దని మీరే గదయ్యా చెప్పినారు?" అన్నాడు బంట్రోతు సెక్రటరీతో.

మీట ఒక గాడి వెనక్కి జరిపాం. పియానో గొంతు కిందికి దిగింది. ఒక మెట్టు మోగి, చాలాసేపటికి ఇంకొకటి మోగింది.

"ఆగినాడన్నా," అన్నాడు దొర గుసగుసగా.

"ఇందాకటిదే మేలు, నిద్రన్నా రాలా," అని సెక్రటరీ లేచాడు.

హౌసీ శనివారం పెట్టుకోండి, ఆదివారం దొరదే అన్నాను.

"నీకు నచ్చిందా ఏందన్నా?" అన్నాడు సెక్రటరీ. ఆ ఆగడాలు నాకు బాగానే ఉన్నాయి. అయితే విని మెచ్చానా, ఆగుతాడని దొర ముందే చదివి చెప్పినందుకు మెచ్చానా? అట్ట చూడనివాళ్లకు వినిపిస్తే గాని తేలదు.

మరుసటి ఆదివారం మా ఆవిణ్ని తీసుకెళ్లి, ఏమీ చెప్పకుండా కూర్చోబెట్టాను. కాసేపు విని, "ఈయన ఎవురికోసమో ఎదురు చూస్తా ఉండాడే," అంది. దొర అటు తిరిగి మీట సర్దుతున్నట్టు వంగాడు. సర్దాల్సిందేమీ లేదక్కడ.

అట్ట మీది సంగతి దొర నీకు ముందే చెప్పాడా అని దారిలో అడిగాను. "ఎవురో చెప్తేనేనా నాకు వినపడేది?" అని ఆమె విసవిసా ముందుకు నడిచింది.