ఖాళీ బండి బరువు

దెయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మా ఆయన పోయాక నమ్ముదామని చూశాను కూడా, ఏదో రూపంలో కనబడతాడేమోనని. కనబళ్లేదు. నాకు రాయడం సరిగా రాదు. నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

అప్పుడు మేం ఒరెగాన్‌లో సముద్రం ఒడ్డున చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయనది కాకినాడ. ఓడ పని మానేసి అక్కడ చేపల పడవ పెట్టుకున్నాడు. తెలుగువాళ్లం మేమిద్దరమే. పడవల్ని పైకి లాగడానికి ఊరివాళ్లే నీళ్లలోకి వాలుగా చెక్క ర్యాంపు కట్టుకున్నారు. దానికి పట్టాలు, పట్టాల మీద చెక్క బండి. పడవ వచ్చి బండి మీద కూర్చుంటే పైనుంచి వించ్, అదే ఇనప వైరు చుట్టుకునే చక్రం, చేత్తో తిప్పి లాగేవాళ్లు.

అక్కడో పద్ధతి. ఎవరి పడవైనా రాకపోతే సాయంత్రం బండిని నీళ్లలోనే ఉంచుతారు. ఇంటివాళ్లు సరే అనేదాకా రాత్రిళ్లు దాన్ని పైకి లాగి పెట్టరు.

డెబ్బై తొమ్మిదిలో మా ఆయన వేటకెళ్లి రాలేదు. చెక్కముక్క కూడా దొరకలేదు. నేను సరే అనలేదు. పగలంతా పని చేసుకుని, సాయంత్రానికి బండిని మళ్లీ నీళ్లలోకి దించేవాళ్లు. అలా ఏళ్లు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, పాపం.

తర్వాత చెక్క ర్యాంపు పీకేసి కాంక్రీట్ పోస్తామన్నారు. వించ్ చూసే ముసలాయన హ్యాంక్ మా గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు.

"నువ్వు వద్దంటే చెప్పమ్మా, వాళ్లతో నేను పోట్లాడతా" అన్నాడు.

లాగేయండి అన్నాను. ఆ మాటతో మా ఆయన్ని నేనే పంపేసినట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం, మంచి ఎండ. నేనూ వెళ్లి ర్యాంపు పక్కన నిలబడ్డాను. ఖాళీ బండిని హ్యాంక్ ఒక్కడే లాగేస్తాడు ఎప్పుడూ. ఆ రోజు కదల్లేదు.

"బ్రేక్ తీశావా ముసలోడా?" అని ఒకతను నవ్వుతూ వచ్చి పట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. ఇంకో ఇద్దరొచ్చారు. వైరు మూలిగింది. నిండా చేపలున్న పడవని లాగినట్టే లాగారు. పట్టాలకి ఏదైనా అడ్డం పడిందేమోనని ఒకతను దిగి చూశాడు. ఏమీ లేదు.

బండి పైకి వచ్చింది. దాని మీద ఏమీ లేదు. అందరూ టోపీలు తీశారు, ఎవరూ చెప్పకుండానే.

హ్యాంక్ దాన్ని మళ్లీ దించి, ఒక్కడే తిప్పాడు. తేలిగ్గా వచ్చేసింది.

వించ్ పాతదన్నారు, ఇసుక పట్టిందన్నారు. కావచ్చు. ఆ సాయంత్రం నా ఒక్కదానికే బియ్యం కడిగాను. అన్నేళ్లూ ఇద్దరికి కడిగేదాన్ని. ఆ బరువేమిటో నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు.