థీసిస్‌లో తగ్గిన పుంజీలు

"అనుమానం తీరిపోనాదా, అమ్మా?" అన్నాడు, బైండింగయిన థీసిస్ నా చేతికిస్తూ.

"నీ మీద తీరిపోనాది, నాయినా" అన్నాను.

బరంపురం గోసాని నువాగాంలో టైపు షాపాయనకీ నాకూ మధ్య ఆఖరు మాటలు అవే. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

నా కూతురు బరంపురంలో పెద్ద చదువు చదివింది. ఎండుచేపల పని చేసే ఆడవాళ్ళ మీద థీసిస్ రాసింది. బరంపురం దగ్గర మా రామయ్యపట్నం ఒడ్డున నేను చెప్పిందంతా ఫోన్లో పట్టుకుని తనే టైపు చేసుకుంది. యూనివర్సిటీ అడిగిన కొలతల్లో పేజీలు సర్దమని షాపాయనకిచ్చింది. ఒకరు రాసింది ఇంకొకరికి ఇచ్చేస్తారట అలాంటి చోట్ల. బస్సులో ఎవరో అంటుంటే విన్నాను. అందుకే వెంట వెళ్ళి, ఆయన వెనకే స్టూలేసుకుని కూర్చున్నాను. మౌస్ మీద ఆయన చెయ్యి ఎటు కదిలితే నా కళ్ళు అటు.

నాకు సంతకం వచ్చు, లెక్క వచ్చు, అంతే. సర్దక ముందు కూతురు అచ్చు తీయించిన కాగితాల్ని చేపల్లాగే నాలుగేసి ఒక పుంజీగా లెక్కపెట్టి ఉంచాను. నలభై పుంజీలు. ఆయన సర్ది తీసినవి ముప్పై మూడే.

"ఏడు పుంజీలు ఎవలికిచ్చీసినావు?" అని అడిగేశాను.

ఆయన కోప్పడలేదు. అక్షరం చిన్నదైతే పేజీలు తగ్గుతాయన్నాడు. నేను నమ్మలేదు. రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి, ప్రతి అధ్యాయం మొదలూ చివరా వేలు పెట్టి చూపించాడు. అక్షరాల ఆకారాలు పోల్చుకుంటూ పోయాను. అన్నీ ఉన్నాయి. ఒక్కచోట ఆగాను. ఇసుక మీద చేపలు తిరగేస్తున్న నా ఫోటో కింద, పాతదాంట్లో అరపేజీ రాత ఉంది. కొత్తదాంట్లో తెల్లగా ఉంది.

"ఇదీ అచ్చరం సిన్నదైపోయి తగ్గిపోనాదా?"

ఆయన నా కూతురి వైపు చూశాడు. అది తలెత్తలేదు.

"నేనే తీయించీసినానమ్మా. మా గైడు సారు వద్దన్నారు."

ఏం రాత అని అడిగితే చెప్పింది. ఆ అరపేజీ, మా ఆయన పడవ తిరిగి రాని రోజు గురించి. కబురు చెవిన పడ్డాక కూడా, మబ్బు చూసి నేను ముందు ఎండేసిన చేపలెత్తాను. తర్వాతే ఏడ్చాను. ఆ మాట దానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. సారే వద్దన్నారో, దానికే సిగ్గేసిందో, ఈరోజుకీ నాకు తెలీదు.

అందుకే ఇది నా కోడలి చేత రాయిస్తున్నాను. కోడలు పిల్లా, ముందు సేపలెత్తినానన్న మాట రాసినావా? ఏదీ, మొదట్నుంచి సదువు, ఇంటాను.