ముసురు రోజున పంపిన మెసేజి

నోరు విప్పలేనివాళ్ళ చేతికి రాసే పని దొరికితే ఆపడం కష్టమని, ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నాకు తెలియదు. భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఆఫీసు. ఫోన్ మోగితే చాలు, కంప్యూటర్ వెనక తల దించేసుకునేదాన్ని. అందుకే మేనేజరు గారు నాకు రైతుల వాట్సాప్ గ్రూపు అప్పగించారు. (అక్కడ గొంతుతో పనిలేదు కదా!)

ఒక పొద్దున ముసురు పట్టింది. ఎండ లేకపోతే చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. మేత ఆపి, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పకపోతే రొయ్యలు దక్కవు. "రైతులకి రెండు ముక్కలు రాసి పెట్టమ్మా," అని చెప్పి ఆయన బయటికి వెళ్ళారు. నేను బ్యాగులోంచి నిఘంటువు తీశాను. బెల్లం మీద ఈగలు ముసురుతాయి, మనసులో దిగులు ముసురుకుంటుంది, మబ్బులూ అలాగే చుట్టూ కమ్మి కదలవు గనక ఇది ముసురైంది, ముసుగు కూడా దీనికి చుట్టమే కావచ్చు అంటూ పన్నెండు వరుసలు రాశాను. మేత సంగతి చిట్టచివర పెట్టాను. (అసలు విషయం ముగింపులో చెబితే గుర్తుంటుందని నా నమ్మకం.)

గంటకి ఫోన్ మోగింది. ఎత్తడానికి ఇంకెవరూ లేరు. ఆ ఏడాదే మొదటిసారి రొయ్య వేసిన పెద్దాయన.

"అమ్మాయిగారూ, ముసుగు దాకా చదివానండి. కింద రీడ్ మోర్ అనొచ్చింది. తీరిగ్గా చూద్దాంలే అని మేత వేసేశాను. రొయ్యలు పైకి తేలిపోతున్నాయండి! ఏం చెయ్యమంటారు?"

"ఏరియేటర్లన్నీ వెయ్యండి! ఇంక మేత వెయ్యకండి!" అని అరిచాను. పక్కనున్న ఐసు ఫ్యాక్టరీలోంచి ఇద్దరు తొంగిచూశారు. ఆయనకున్నదంతా ఆ ఒక్క చెరువులోనే ఉంది. మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

సాయంత్రం ఆయనే మళ్ళీ చేశారు. "కొన్ని పోయాయి గానండి, మిగతావి అడుక్కి దిగాయి. పంట నిలబడినట్టే." నేను తప్పయిపోయిందని గొణిగాను. "అది సరేగానమ్మా, మీరు రాసింది బాగుంది. మా ఆవిడక్కూడా చదివి వినిపించాను. ఇలాంటివి ఎండ కాసే రోజున పెట్టండేం!"

మూడో రోజున ఎండ కాసింది. బుద్ధిగా డైరీ తెరుచుకుని కూర్చున్నాను. ముసురు గురించి ఒక్క ముక్క తోచలేదు. కిటికీలోంచి పేజీ మీద అంత వెలుగు పడుతుంటే, పెన్ను కొరుక్కుంటూ కూర్చున్న ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. ఎండ గురించి రాయొచ్చని ఆమెకి తట్టనే లేదు.