కరెంటు తీగల్లో అమ్మ ప్రార్థన

ఆదివారం ఆరాధనలో పక్కింటి ఆంటీ లేచి నిలబడి, "మా పక్కింటమ్మాయికి రొమ్ములో గడ్డంట. ముక్క తీసి పరీక్షకి పంపేరంట. అందరూ ప్రార్థన సెయ్యండి" అంది. మా టికియాపారా పేటలోని తెలుగు చర్చి మొత్తం నా వైపు తిరిగింది. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ సంగతి అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. రిపోర్టు వచ్చేదాకా ఎక్కడా అనొద్దని మరీ మరీ చెప్పాను. ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"నానెవులికి సెప్తానే, దేవుడికి తప్ప!" అని అమ్మ ఏడ్చింది.

మోకాళ్ళ నొప్పులతో అమ్మ మేడ గది దిగలేదు. కింద వంటింట్లో ఉండే నాకు ఆమె పిలుపు వినపడాలని చాందినీ మార్కెట్లో రెండు మాట్లాడే డబ్బాలు కొన్నాను. పైన ఒకటి, కింద ఒకటి ప్లగ్గులో పెడితే చాలు, ఇంట్లో ఉన్న కరెంటు తీగలే మాటను మోసుకొస్తాయి. మీట నొక్కితేనే మాట అవతలికి పోతుంది; అమ్మ పడిపోతే తెలియాలని ఆమె డబ్బా మీట ఎప్పుడూ నొక్కే ఉంచేదాన్ని. అమ్మకు గట్టిగా ప్రార్థించడం అలవాటు. ఇంట్లో ఎవరి కష్టమేమిటో ప్రభువుకు విడమరిచి చెబుతుంది. ఆ డబ్బాలు చూసి ముచ్చటపడిన ఆంటీ తనూ అలాంటివే తెచ్చుకుంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కూర తాలింపు వేస్తుంటే, నా డబ్బాలోంచి ఆంటీ గొంతు వినబడింది. మేడ మీదున్న భర్తను అడుగుతోంది.

"ఏటండీ, ముసల్ది ఇంకా మొదలెట్టనేదేటి?"

మా రెండిళ్ళకూ కరెంటు లైను ఒకటే. మా తీగల్లో పోయే మాట వాళ్ళ తీగల్లోకీ పోతోందన్నమాట. ఇన్నాళ్ళూ వినడమే గాని, వాళ్ళు తమ మీట నొక్కినట్టే లేదు. పోతే పోయింది, వినబడిన రోజే వచ్చి చెప్పొద్దూ? అమ్మ దేవుడి ముందు కన్నీళ్ళతో చెప్పుకున్నదాన్ని రోజూ కూర్చుని వింటారా? పైగా చర్చిలో చాటిస్తారా? దానికి ప్రార్థన అని పేరొకటి! మేడెక్కి అమ్మ డబ్బా ప్లగ్గు పీకి పడేశాను.

కాసేపటికే ఎవరో తలుపు దబదబా బాదారు. ఆంటీ. కాళ్ళకు చెప్పుల్లేవు, రొప్పుతోంది.

"మీయమ్మ గొంతు రానేదు. పడిపోనాదేటోనని పరిగెత్తుకొచ్చీసినాను. బాగుందా?"

ఆ ముఖంలో సిగ్గన్నది లేదు. ఉన్నదంతా భయమే.

"అమ్మ బాగుంది. నా రిపోర్టు కూడా మధ్యాహ్నం వచ్చింది. ఏ భయమూ లేదన్నారు" అన్నాను, కోపంగానే. "ఆదివారం లేచి నిలబడి ఇదీ చెప్పండి."